రెండో రిపోర్టు తీస్తేనే ఆగిపోయే యంత్రం: మిర్యాలగూడ మిల్లులో ఒక కెర్నెల్ డ్రైవర్ కేసు

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో కలర్ సార్టర్ ఉంది. బియ్యంలో నల్ల గింజ, పసుపు గింజ, రాయి వస్తే కెమెరాతో పట్టుకుని గాలి దెబ్బతో పక్కకు ఎగరగొట్టే యంత్రం. యాసంగి వడ్లు రావడం మొదలైన వారానికి అది దాదాపు రోజూ పొద్దున పూట ఆగిపోవడం మొదలైంది.

గింజ ఏరే పని ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను కావలసినట్టు అమర్చుకోగలిగే చిప్) చేస్తుంది. దాని పక్కన 1 జీబీ మెమరీ ఉన్న చిన్న ఆర్మ్ బోర్డు ఒకటి, లినక్స్ 5.10 మీద నడుస్తూ స్క్రీన్, సెట్టింగులు, షిఫ్ట్ రిపోర్టులు చూసుకుంటుంది. కెమెరా బొమ్మలు కూడా డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా, నేరుగా ఈ బోర్డు మెమరీలోకి వచ్చి పడతాయి, ఆపరేటర్ స్క్రీన్ మీద చూసుకోవడానికి. బోర్డు నుంచి సిగ్నల్ ఆగితే యంత్రం తనంతట తాను ఫీడర్‌ను ఆపేస్తుంది. ఫీడర్ ఆగితే వెనకున్న లైనంతా ఆగినట్టే. బయట లారీలు, లోపల హమాలీలు ఖాళీగా కూర్చోవడం, సేటు ఫోన్ల మీద ఫోన్లు.

నేను నల్లగొండలో ఇంటి నుంచే కెర్నెల్ (లినక్స్ అడుగున హార్డ్‌వేర్‌నూ మెమరీనీ చూసుకునే భాగం) పని చేస్తాను. ఆ కెమెరా డ్రైవర్, అంటే కెర్నెల్ తరఫున కెమెరాను నడిపే కోడ్, నేను రాసింది కాదు. పాత లినక్స్ 2.6 కాలంలో ఎవరో రాసినదాన్ని ఒక్కో కెర్నెల్‌కూ మారుస్తూ వచ్చారు. చివరికి నా చేతికొచ్చింది.

రోజుకో రకం జబ్బు

కెర్నెల్ పడిపోతే నాకు సుఖం. సీరియల్ కేబుల్ పెట్టి లాగ్ పట్టుకుంటే ఏ ఫంక్షన్‌లో పడిందో అదే చెబుతుంది. ఇక్కడ కెర్నెల్ బాగానే ఉంది, పైనున్న ప్రోగ్రాములే పిచ్చిగా ప్రవర్తిస్తున్నాయి. ఒకరోజు డిస్‌ప్లే ప్రోగ్రాం సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పోయింది. ఇంకోరోజు రిపోర్టు ప్రింటులో మిల్లు పేరు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు. మరోరోజు నెలల తరబడి ఎవరూ ముట్టుకోని షెల్ స్క్రిప్ట్ మధ్యలో సింటాక్స్ ఎర్రర్ అంది. రీస్టార్ట్ చేస్తే అన్నీ మామూలే.

ఇలాంటప్పుడు అందరి వేలూ హార్డ్‌వేర్ వైపే పోతుంది. ఎస్‌డీ కార్డు రెండుసార్లు మార్చారు. పవర్ సప్లై మార్చారు. ఎర్తింగ్ మళ్లీ తవ్వారు. తవుడు దుమ్ము అన్నారు, ఎండ అన్నారు. ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలో ఎండ మీద ఏ నింద వేసినా ఎవరూ కాదనరు. పైగా వానాకాలం, యాసంగి సీజన్లు కాని రోజుల్లో ఇదే యంత్రం నెలల పాటు నోరు మెదపలేదు. కాబట్టి వేడే కారణమని నేనూ సగం నమ్మాను.

ఆ మిల్లు ఆపరేటర్ కుర్రాడు మొదటి రోజే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, రిపోర్టు రెండోసారి తీసినంకనే గిట్లయితుంది. ఒక్కసారి తీస్తే ఏం గాదు." విన్నాను, సరే చూస్తా అన్నాను, పక్కన పెట్టాను. రిపోర్టు బటన్‌కూ ఫైళ్లు పాడవడానికీ సంబంధం ఏముంటుంది అనుకున్నా. ఆ నిర్లక్ష్యం ఖరీదు సరిగ్గా 9 రోజులు.

కార్డులో ఫైలు బాగానే ఉంది

తర్వాతిసారి ఆగినప్పుడు వెంటనే రీస్టార్ట్ చేయొద్దని చెప్పి, ఫోన్‌లోనే ఆ కుర్రాడితో కమాండ్లు కొట్టించాను. పాడైన స్క్రిప్ట్‌కు ఎండీ5 లెక్క (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే అంకె) తీయిస్తే తేడా వచ్చింది. తర్వాత కెర్నెల్ పేజ్ క్యాష్‌ను ఖాళీ చేయించి, అదే ఫైలుకు మళ్లీ తీయిస్తే సరైన లెక్క వచ్చింది.

అంటే కార్డు మీద ఫైలు చెడలేదు. కార్డు నుంచి ఒకసారి చదివి ర్యామ్‌లో దాచుకున్న కాపీ, అంటే పేజ్ క్యాష్, చెడింది. ఆ పేజీలోకి (కెర్నెల్ మెమరీని పంచుకునే 4096 బైట్ల ముక్క) మామూలు దారిలో ఎవరైనా రాసి ఉంటే కెర్నెల్ దాన్ని మురికి పేజీగా గుర్తుపెట్టుకుని కార్డుకు రాసేది, ఫైలు శాశ్వతంగా పాడయ్యేది. అలా జరగలేదు. కెర్నెల్‌కు తెలియకుండా ఎవరో ర్యామ్‌లో రాసి పోతున్నారు. ఆ బోర్డులో ప్రాసెసర్‌ను అడగకుండా ర్యామ్‌లో అంత జోరుగా రాసేది కెమెరా డీఎంఏ.

పాడయ్యేది పేజ్ క్యాష్, ప్రోగ్రాముల సొంత మెమరీ మాత్రమే కావడం, కెర్నెల్ సొంత వస్తువుల జోలికి పోకపోవడం ఇంకో ఆనవాలు. కెమెరా బఫర్, అంటే బొమ్మ వచ్చి పడే జాగా, 8 ఎంబీ: వరుసకు 2048 పిక్సెళ్లు, 4096 వరుసలు, పిక్సెల్‌కు ఒక బైట్. అంత పెద్ద ముక్క వరుసగా కావాలంటే సీఎంఏ అనే ప్రత్యేక ప్రాంతం నుంచే తీసుకోవాలి. ఈ బోర్డులో దానికి 64 ఎంబీ కేటాయించారు. డ్రైవర్లు వాడనప్పుడు ఆ జాగాను కెర్నెల్ ఊరికే ఉంచదు, ఎప్పుడంటే అప్పుడు వేరే చోటికి జరపగలిగే పేజీలకు అద్దెకిస్తుంది. జరపగలిగేవంటే ముఖ్యంగా పేజ్ క్యాష్, ప్రోగ్రాముల మెమరీ. మన జబ్బు లక్షణాలు అచ్చం అవే. బఫర్‌ను ఖాళీ చేసినట్టు కెర్నెల్ అనుకుంటోంది, కెమెరా మాత్రం ఇంకా అక్కడే రాస్తోంది.

నల్లగొండలో రానిది మిల్లులో ఎందుకొస్తుంది

నా టేబుల్ మీద అదే మోడల్ బోర్డు ఉంది. అదే కెర్నెల్, అదే డ్రైవర్. రిపోర్టు బటన్ 50 సార్లు నొక్కాను. ఏమీ కాలేదు. ఇదీ నన్ను తప్పుదారి పట్టించింది. ఆపరేటర్ మాట తప్పని తేల్చేసి ఇంకో రెండు రోజులు కెమెరా రిజిస్టర్ల (దాని సెట్టింగులు రాసే చోట్లు) మీద పడ్డాను.

చివరికి మిర్యాలగూడ పోయి వాళ్ల కార్డు పూర్తి కాపీ తెచ్చుకున్నా. దాన్ని నా బోర్డులో వేసి రాత్రంతా నడిపించా, నిశ్శబ్దం. పొద్దున చాయ్ తాగుతుంటే ఆ వాయిస్ మెసేజ్ గుర్తొచ్చింది. రిపోర్టు బటన్ ఒకసారి నొక్కా. మెమరీ నిండేలా పెద్ద ఫైళ్లు చదివించా. ఏమీ లేదు. రెండోసారి నొక్కి మళ్లీ ఫైళ్లు చదివించా. రెండు నిమిషాల్లో డిస్‌ప్లే ప్రోగ్రాం చచ్చిపోయింది.

ఇక్కడ చాలామంది ముందు కేసాన్ పెడతారు, తప్పు మెమరీ వాడకాన్ని పట్టుకోవడానికి. అది మంచి సాధనమే, కానీ ప్రాసెసర్ నడిపే కెర్నెల్ కోడ్ ఎక్కడ రాస్తుందో మాత్రమే చూస్తుంది. డీఎంఏ రాతలు దానికి కనపడవు. అందుకే పేజ్ పాయిజనింగ్ పెట్టాను. ఖాళీ అయిన ప్రతి పేజీనీ కెర్నెల్ 170 అనే బైట్‌తో నింపి పెడుతుంది, మళ్లీ ఎవరికైనా ఇచ్చే ముందు 170 అలాగే ఉందా అని చూస్తుంది. లేకపోతే అరిచి, అక్కడున్న బైట్లన్నీ లాగ్‌లో పోస్తుంది.

రెండో రిపోర్టు తర్వాత పోసింది. 170, 170, 170 అని ఉండాల్సిన చోట ఇలా ఉంది: 21, 22, 20, 23, 58, 141, 197, 206, 201, 204... అలా కొంత దూరం 200 దగ్గరే ఉండి, మళ్లీ 20లకు దిగి, కాసేపటికి మళ్లీ 200 దాటింది. 4096 బైట్ల పేజీలో రెండు కెమెరా వరుసలు పడతాయి. ఆ అంకెలను గ్రాఫ్ గీస్తే గుట్ట, పల్లం, గుట్ట, పల్లం. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల గింజలు. కెర్నెల్ ఖాళీ అనుకుంటున్న పేజీలో బియ్యం కనపడ్డాయి. ఇన్నేళ్లలో మెమరీ డంప్‌లో వడ్లో బియ్యమో చూడటం నాకు అదే మొదలు.

ఆ ఒకటి ఎవరిది?

ఇక మిగిలింది, బఫర్‌ను ఎవరు వదిలేశారు అన్నది. కెర్నెల్‌లో పాత వస్తువులను ఏరిపారేసే ప్రత్యేక వ్యవస్థ లేదు. ప్రతి వస్తువులోనూ ఒక కౌంట్ ఉంటుంది. పట్టుకున్నవాళ్లు గెట్ చేసి ఒకటి పెంచాలి, వదిలినవాళ్లు పుట్ చేసి ఒకటి తగ్గించాలి, ఎవరి పుట్‌తో సున్నా అవుతుందో వాళ్లే దాన్ని ఖాళీ చేయాలి. ఈ డ్రైవర్‌లో బఫర్ అడిగినప్పుడు కౌంట్ 1. అది తెరిచిన ఫైల్ తరఫున. ప్రోగ్రాం దాన్ని ఎమ్‌మ్యాప్ చేసుకుంటే, అంటే తన మెమరీలో కనపడేలా కలుపుకుంటే, 2. ఆ మ్యాపింగ్ పోయినప్పుడు కెర్నెల్ పిలవడానికి డ్రైవర్ ఇచ్చిన ఫంక్షన్, అంటే క్లోజ్ కాల్‌బ్యాక్‌లో, ఒకటి తగ్గుతుంది. కోడ్ చదువుతుంటే గెట్‌కు పుట్ సరిపోయినట్టే కనపడుతుంది. నేనూ రెండుసార్లు చదివి దాటిపోయాను.

గెట్, పుట్ రెండింటి దగ్గరా కౌంటూ, ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) పేరూ, పీఐడీ అనే దాని నంబరూ ప్రింట్ అయ్యేలా చేశా. మొదటి రిపోర్టుకు ఒక పుట్ వచ్చింది, కౌంట్ 1కి దిగింది. దానికి ముందు గెట్ లేదు. ప్రాసెస్ పేరు చూస్తే మా డిస్‌ప్లే ప్రోగ్రామే. మన ప్రోగ్రాం మ్యాపింగ్ వదలలేదు కదా అని అరగంట తల గోక్కున్నా. తర్వాత చూశా, పేరు అదే గానీ పీఐడీ వేరు.

జరిగింది ఇదీ. రిపోర్టు బటన్ నొక్కితే మా ప్రోగ్రాం ప్రింట్ స్క్రిప్ట్‌ను సిస్టమ్ ఫంక్షన్‌తో పిలుస్తుంది. అది ఫోర్క్ చేస్తుంది. ఫోర్క్ అంటే తల్లి ప్రాసెస్ తన నకలుగా ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించడం. తల్లి మ్యాపింగులన్నీ పిల్లకు కాపీ అవుతాయి, కెమెరా బఫర్ మ్యాపింగ్‌తో సహా. ఇప్పుడు పట్టుకున్నవాళ్లు ముగ్గురు: ఫైల్, తల్లి, పిల్ల. కౌంట్ మాత్రం 2 దగ్గరే ఉంది. వెంటనే పిల్ల ఎగ్జెక్ చేసి స్క్రిప్ట్‌గా మారుతుంది, పాత మ్యాపింగులు పోతాయి, క్లోజ్ పిలవబడుతుంది, కౌంట్ 1. ఎగ్జెక్‌లో పాత మెమరీని వదిలాకే కొత్త పేరు పెడతారు కాబట్టి లాగ్‌లో తల్లి పేరే కనపడింది. రెండో రిపోర్టుకు మళ్లీ అదే, కౌంట్ 0. బఫర్ ఖాళీ. తల్లి ఇంకా దాన్ని చూస్తోంది, కెమెరా ఇంకా రాస్తోంది.

మ్యాపింగ్ కాపీ అయినప్పుడు కెర్నెల్ డ్రైవర్‌కు చెప్పకుండా ఉండదు. ఓపెన్ అనే కాల్‌బ్యాక్ ఉంటే పిలుస్తుంది. మొదటి ఎమ్‌మ్యాప్‌కు మాత్రం దాన్ని పిలవదు, అందుకే ఆ గెట్‌ను డ్రైవర్ ఎమ్‌మ్యాప్ ఫంక్షన్‌లోనే చేసుకోవాలి. ఇది రాసినాయన ఓపెన్ ఎప్పుడూ పిలవబడట్లేదని చూసి అనవసరం అనుకుని తీసేసి ఉంటాడని నా ఊహ. దీనికి తోడు తెరిచిన ఫైల్ కౌంట్‌ను ఫోర్క్ సమయంలో కెర్నెలే పెంచుతుంది, డ్రైవర్ ఏమీ చేయక్కర్లేదు. ఒక కౌంట్‌ను కెర్నెల్ చూసుకుంటోంది కదా, రెండోదాన్నీ అదే చూసుకుంటుందిలే అనిపించడం సహజం.

విడివిడి పేజీలకు కూడా సొంత కౌంట్ ఉంటుంది కదా, అది ఎందుకు కాపాడలేదు అని అడగొచ్చు. ఈ డ్రైవర్ బఫర్‌ను వట్టి ఫిజికల్ అడ్రసులుగా మ్యాప్ చేస్తుంది. అలాంటి మ్యాపింగులో కెర్నెల్ పేజీల కౌంట్‌ను ముట్టుకోదు. పేజీలను ఒక్కొక్కటిగా చేర్చే పద్ధతి వాడి ఉంటే వాటి కౌంట్ పెరిగి ఉండేది, సీఎంఏకు తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకా వాడకంలో ఉన్నాయని కనీసం ఒక హెచ్చరిక వచ్చేది.

నా బోర్డులో రాకపోవడానికి కారణం డ్రైవర్‌లో లేదు. మిల్లు కార్డులో డెబియన్ 10 అనే లినక్స్ రకం, దాని జీలిబ్‌సీ (ప్రోగ్రాములు వాడే మూల లైబ్రరీ) 2.28. నా కార్డులో డెబియన్ 11, జీలిబ్‌సీ 2.31. 2019లో వచ్చిన 2.29 నుంచి సిస్టమ్ ఫంక్షన్ మామూలు ఫోర్క్ చేయడం మానేసింది. పిల్ల ఎగ్జెక్ చేసేదాకా తల్లి మెమరీనే పంచుకుంటుంది, మ్యాపింగులు కాపీ కావు. కాపీ లేకపోతే క్లోజ్ లేదు, పుట్ లేదు. ప్రోగ్రాం కెర్నెల్‌ను పిలిచే పిలుపులన్నీ చూపే ఎస్‌ట్రేస్ పెట్టి, రెండు బోర్డుల్లో క్లోన్ (కొత్త ప్రాసెస్ పుట్టించే) పిలుపులు పక్కపక్కన చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది.

సీజన్ సంగతి కూడా అప్పుడే తేలింది. ఖాళీ రోజుల్లో మిల్లు ఒకటే షిఫ్ట్. సాయంత్రం ఒక రిపోర్టు తీసి యంత్రం ఆపేస్తారు, మర్నాడు కౌంట్ మళ్లీ మొదటి నుంచి. సీజన్‌లో 24 గంటలూ నడుస్తుంది, రాత్రి 8కి ఒకటి, పొద్దున 8కి ఒకటి. పొద్దున రిపోర్టు రెండోది. ఎండకు ఏ పాపమూ లేదు.

మరమ్మతు

సీజన్ మధ్యలో మిల్లు బోర్డుకు కొత్త కెర్నెల్ ఎక్కించడానికి నాకు ధైర్యం చాలలేదు. అందుకే ముందు ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైను చేర్చి పంపా. బఫర్ మ్యాపింగ్ మొత్తానికి ఎమ్అడ్వైజ్ అనే కెర్నెల్ పిలుపుతో డోంట్‌ఫోర్క్ అని చెప్పడం. అప్పుడు ఫోర్క్‌లో ఆ మ్యాపింగ్ పిల్లకు పోదు. ఆ సాయంత్రమే ఎక్కించారు, మర్నాడు పొద్దున మిల్లు ఆగలేదు.

డ్రైవర్‌లో అసలు మార్పులు తర్వాత తీరిగ్గా చేశా. ఓపెన్ కాల్‌బ్యాక్ రాసి అందులో గెట్ పెట్టా. డోంట్‌ఫోర్క్ ఉంది కదా, ఇదెందుకు అనుకోవద్దు. ప్రోగ్రాం మ్యాపింగ్‌లో మధ్య ముక్కను మాత్రమే తీసేస్తే మిగిలినది రెండు ముక్కలవుతుంది, ఫోర్క్ లేకుండానే కౌంట్ తప్పుతుంది. దాన్ని విడిగా పరీక్షించాను, పాత డ్రైవర్ అక్కడా పడింది.

రెండో మార్పు నా దృష్టిలో ఇంకా ముఖ్యం. కెమెరా డీఎంఏ తరఫున ఎవరూ కౌంట్ పట్టుకోలేదు. బఫర్‌ను అందరికంటే ఎక్కువగా వాడేది అదే, లెక్కలో లేనిదీ అదే. క్యాప్చర్ మొదలైతే గెట్, హార్డ్‌వేర్ నిజంగా ఆగిందని తేలాకే పుట్ అని మార్చా. ఇది ముందే ఉంటే రెండో రిపోర్టుకు కౌంట్ 1 దగ్గర ఆగేది, మూడో రిపోర్టుకు పడేది. జబ్బు పోయేది కాదు గానీ ఇంకా అరుదై, పట్టుకోవడం మరీ కష్టమయ్యేది. అందుకే రెండూ కలిపే ఎక్కించాలని పట్టుబట్టాను.

కౌంట్ పాత అటామిక్ రకం, అంటే తప్పు పట్టని వట్టి అంకె. దాన్ని కేరెఫ్‌కు, అంటే గెట్, పుట్ లెక్క కోసం కెర్నెల్‌లోనే ఉన్న రకానికి, మార్చా. కేరెఫ్ లోపల రిఫ్‌కౌంట్_టీ ఉంటుంది. 2017లో కెర్నెల్ 4.11తో వచ్చిన ఈ రకం సున్నా కిందికి దిగితే హెచ్చరిస్తుంది, పైకి పొంగబోతే ఒక విలువ దగ్గర బిగుసుకుపోతుంది. దీని అవసరం అందరికీ తెలిసేలా చేసింది 2016 జనవరిలో బయటపడ్డ కీరింగ్ (కెర్నెల్ రహస్య తాళాలు దాచుకునే భాగం) లోపం. అక్కడ మనకు పూర్తిగా ఎదురు: ఒక దారిలో పుట్ మర్చిపోయారు, 32 బిట్ల కౌంట్‌ను పెంచుకుంటూ పోయి సున్నాకు తిప్పొచ్చు. 3.8 నుంచీ కెర్నెల్‌లో ఉన్న తప్పది.

నా తప్పు ఒకటి

ఆ ఎదురు రకం తప్పు నేనూ చేశాను. క్యాప్చర్ మొదలుపెట్టే ఫంక్షన్‌లో ముందు గెట్, తర్వాత కెమెరాకు రిజిస్టర్లు రాయడం. కెమెరా జవాబివ్వకపోతే అక్కడి నుంచే ఎర్రర్‌తో వెనక్కి. పుట్ లేదు. ప్రోగ్రాం ఆ బఫర్‌ను వదిలి, కొత్తది అడిగి, మళ్లీ ప్రయత్నిస్తుంది. ప్రతి ప్రయత్నానికీ 8 ఎంబీ గాల్లో కలిసిపోతుంది.

కెమెరా కేబుల్ పీకి పరీక్షిస్తుంటే ఏడెనిమిది ప్రయత్నాలకే బఫర్ దొరకడం మానేసింది. మెమరీ లీకులు పట్టే కేమెమ్‌లీక్ ఏమీ చెప్పలేదు. ఎవరూ గుర్తుపెట్టుకోని మెమరీనే అది పట్టుకుంటుంది, మన బఫర్ల వివరాలు డ్రైవర్ జాబితాలో భద్రంగా ఉన్నాయి. పైగా సీఎంఏ పేజీలను అది చూడదు. దొరికింది మెమ్‌ఇన్ఫో అనే కెర్నెల్ మెమరీ లెక్కల ఫైలులో: సీఎంఏ ఫ్రీ లైను ఒక్కో ప్రయత్నానికీ సరిగ్గా 8192 కేబీ చొప్పున దిగుతోంది. ఎర్రర్ దారిలో ఒక పుట్ చేర్చేసరికి అంకె కదలడం మానేసింది.

ఆ తర్వాత డీబగ్ కెర్నెల్‌లో ఒక అంకెకు బదులు మూడు ఉంచా: ఫైల్ తరఫున ఎన్ని, మ్యాపింగుల తరఫున ఎన్ని, డీఎంఏ తరఫున ఎన్ని. కెర్నెల్ లోపలి అంకెలు చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో చదివితే మామూలుగా 1, 1, 1 కనపడాలి. వట్టి 3 అని ఉంటే ఎవరు ఎక్కువ పట్టుకున్నారో, ఎవరు పట్టుకోవడం మర్చిపోయారో తెలియదు. 5.17 నుంచి ఇలాంటి పనికే రెఫ్ ట్రాకర్ అని కెర్నెల్‌లోనే వచ్చింది. మాది 5.10 కాబట్టి చేత్తో రాసుకోవాల్సి వచ్చింది.

జూన్‌లో మిల్లు ఖాళీ అయ్యాక కొత్త కెర్నెల్ పట్టుకుని వెళ్లా. ఆపరేటర్ పక్కనే నిలబడి, "ఇప్పుడు ఎన్నిసార్లన్నా తియ్యొచ్చా అన్నా?" అన్నాడు. తియ్యమన్నా. ఆరో రిపోర్టుకు ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంది. నా వైపు చూశాడు. డీబగ్‌ఎఫ్‌ఎస్ తెరిచి చూపించా: 1, 1, 1. పేపర్ తనే పీకాడు.